పాఠం 14: నేరుగా చేతికి అందే డబ్బు

14.1 ముందుమాట

ఇంటి జమా ఖర్చులు రాయడం గురించి కిందటి పాఠంలో చదివారు. జమ వైపు మనం కూలి, జీతం, చిన్న వ్యాపారంలో వచ్చే మిగులు రాశాం. కొన్ని ఇళ్లలో ఆ వైపు మరో పద్దు కూడా ఉంటుంది. వృద్ధాప్య పింఛను, ఆడపిల్ల చదువుకు వచ్చే వేతనం, ఇల్లాలి ఖాతాలో ప్రభుత్వం నెలనెలా వేసే మొత్తం వంటివి ఆ పద్దు కిందికి వస్తాయి. బియ్యం, పుస్తకాలు, సైకిలు రూపంలో కాకుండా డబ్బు రూపంలో, మధ్యవర్తి లేకుండా కుటుంబానికే చేరే ఇలాంటి సహాయాన్ని ప్రత్యక్ష నగదు సహాయం అంటారు.

ఈ పాఠం చదివిన తరువాత అలాంటి డబ్బు పేద కుటుంబంలో ఏ మార్పు తెస్తుందో, ఎక్కడ అడ్డం పడుతుందో మీరు సొంత మాటల్లో చెప్పగలుగుతారు. నెల వడ్డీని ఏడాది వడ్డీగా మార్చి లెక్క కట్టగలుగుతారు. పెన్సిలు, కాగితం దగ్గర పెట్టుకోండి.

14.2 జీతం తేదీ ఉన్న ఇళ్లు, లేని ఇళ్లు

మన ఉదాహరణ పశ్చిమ బెంగాల్‌లోని ఖరగ్‌పూర్ నుంచి తీసుకుందాం. ఇది రైల్వే పట్టణం. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఇక్కడ పెద్ద జంక్షను, ఇంజన్లూ పెట్టెలూ బాగుచేసే వర్క్‌షాపు వెలిశాయి. ఆ పనుల కోసం శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి తెలుగువారు వచ్చి స్థిరపడ్డారు. మూడు నాలుగు తరాలుగా ఇక్కడే ఉన్న కుటుంబాలు ఎన్నో. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఆఫీసులో బెంగాలీ వారికి అలవాటే. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని నిర్ణయించింది. ఆ నిర్ణయానికి ముఖ్య కారణం ఖరగ్‌పూర్ తెలుగువారే.

రైల్వే ఉద్యోగి ఇంటికి జీతం ఒక తేదీన వస్తుంది. ఉద్యోగం ముగిస్తే పింఛను, ఆయన పోతే భార్యకు కుటుంబ పింఛను కూడా తేదీ ప్రకారమే వస్తాయి. అందువల్ల కిరాణా కొట్టువాడు అరువు ఇస్తాడు, చీటీ పాడేవారు చేర్చుకుంటారు. కానీ తాత రైల్వేలో చేసినంత మాత్రాన మనవడికి రైల్వే ఉద్యోగం రాదు. అలాంటి మనవలు కాంట్రాక్టరు కింద పనిచేస్తారు, రిక్షా లాగుతారు, గోల్‌బజార్‌లో బస్తాలు మోస్తారు. వారి భార్యలు క్వార్టర్లలో పాచి పని చేస్తారు. ఈ ఇళ్లలో సంపాదన ఉంది, తేదీ లేదు. రెండు ఇళ్ల మధ్య అసలు తేడా ఎంత వస్తుందన్నది ఒక్కటే కాదు, ఎప్పుడు వస్తుందన్నది కూడా. ఈ మాట గుర్తుంచుకోండి, ముందు పనికొస్తుంది.

14.3 లక్ష్మీర్ భండార్

2021లో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం లక్ష్మీర్ భండార్ అనే పథకం ప్రారంభించింది. లక్ష్మీదేవి భాండాగారం అని ఆ మాటకు అర్థం. మన ఇళ్లలో ఆడవాళ్లు పోపుల డబ్బాలో దాచుకునే చిల్లర లాంటిదే ఇదీ. 25 నుంచి 60 ఏళ్ల మధ్య వయసున్న మహిళల సొంత బ్యాంకు ఖాతాలో నెలకు 500 రూపాయలు, షెడ్యూల్డు కులాల, తెగల మహిళలకు 1,000 రూపాయలు వేశారు. పర్మనెంటు సర్కారు ఉద్యోగం ఉన్నవారికి ఇది వర్తించలేదు. 2024 ఏప్రిల్ నుంచి ఈ మొత్తాలు 1,000, 1,200 అయ్యాయి. దరఖాస్తులను వీధి దగ్గరికే వచ్చే ‘దువారే సర్కార్’ శిబిరాల్లో తీసుకున్నారు.

ఈ డబ్బును ఫలానా దానికే ఖర్చు పెట్టాలన్న షరతు లేదు. అందుకే దీన్ని షరతులు లేని సహాయం అంటారు. షరతులతో కూడిన సహాయం వేరే ఉంది. అదే రాష్ట్రం 2013లో ప్రారంభించిన కన్యాశ్రీ అందుకు ఉదాహరణ. చదువుకునే ఆడపిల్లకు 13వ ఏట నుంచి ఏడాదికి కొంత మొత్తం ఇచ్చి, 18 నిండినప్పుడు ఇంకా చదువుతూ, పెళ్లి కాకుండా ఉంటే ఒకేసారి 25,000 రూపాయలు ఇవ్వడం ఆ పథకం పద్ధతి. పదహారో ఏట మేనరికం సంబంధం తెచ్చిన బంధువుకు “రెండేళ్లు ఆగండి అన్నయ్యా, పిల్ల డబ్బు రావాలి” అని తల్లి చెప్పగలిగే సాకు దొరికింది. ఆ సాకు విలువ 25,000 కన్నా ఎక్కువే. ఈ పథకానికి 2017లో ఐక్యరాజ్యసమితి ప్రజాసేవా పురస్కారం వచ్చింది.

పాఠ్యాంతర్గత ప్రశ్న: మెక్సికోలో 1997లో మొదలైన ప్రోగ్రెసా పథకం పిల్లలు బడికి, ఆరోగ్య కేంద్రానికి వెళ్తేనే తల్లులకు డబ్బు ఇచ్చేది. అది పై రెండింటిలో ఏ రకానికి చెందుతుంది? ఎందుకు?

14.4 ఐదు వందలతో ఏమవుతుంది?

ఐదు వందలతో ఏం వస్తుందని తీసిపారేసేవారు ఉన్నారు. లెక్క వేసి చూద్దాం. ఈ కుటుంబం మన పాఠం కోసం ఊహించుకున్నది, లెక్క మాత్రం నిజమైనదే. భర్త బస్తాలు మోస్తాడు, వానాకాలంలో పని తగ్గుతుంది. భార్య మూడు ఇళ్లలో పని చేస్తుంది. కొడుక్కి జ్వరం వచ్చినప్పుడు తెచ్చిన 3,000 రూపాయల అప్పు ఉంది. వడ్డీ నూటికి ఐదు రూపాయలు. మన వైపు ఇలా అంటే నెలకే అని అర్థం. బ్యాంకువాడు ఐదు శాతం అంటే ఏడాదికి. ఈ రెండూ ఒకటే అనుకుని మోసపోయినవారు చాలామంది.

నెలకు నూటికి 5 చొప్పున 3,000కు వడ్డీ 150 రూపాయలు. ఏడాదికి 1,800. అంటే నూటికి 60. ఆమె రెండేళ్లుగా వడ్డీ మాత్రమే కడుతోంది. ఇప్పటికి 3,600 కట్టింది, అసలు కన్నా ఎక్కువ. అయినా అసలు 3,000 అలాగే ఉంది.

ఇప్పుడు ఆమె ఖాతాలో నెలకు 500 పడుతోంది. మొత్తం అప్పుకే కట్టిందనుకుందాం. మొదటి నెల 150 వడ్డీకి పోగా 350 అసలులో తగ్గి, బాకీ 2,650 అవుతుంది. రెండో నెల వడ్డీ 132 రూపాయల 50 పైసలే. కాబట్టి అసలులో 367 రూపాయల 50 పైసలు తగ్గుతాయి. ఇలా కడుతూ పోతే ఎనిమిదో నెలలో అప్పు తీరిపోతుంది. ఆ ఎనిమిది నెలల్లో కట్టినది మొత్తం సుమారు 3,658 రూపాయలు. రెండేళ్లు వడ్డీగా పోసినదానికి కాస్త ఎక్కువ, అంతే! (మూడో నెల నుంచి లెక్క మీరే పూర్తి చేసి సరిచూసుకోండి.)

అయితే వడ్డీవ్యాపారి అంత సులువుగా వదలడు. “కొంచెం కొంచెం వద్దమ్మా, అసలు ఒకేసారి తెచ్చి ఇయ్యి” అంటాడు. వడ్డీ కట్టించుకోవడమే అతని బేరం. అప్పుడామె నెలకు 150 వడ్డీ కట్టి, మిగిలిన 350 ఖాతాలోనే ఉంచాలి. తొమ్మిదో నెలకు 3,150 అవుతుంది. ఒక నెల ఆలస్యం, అయినా పని అవుతుంది. ఖాతాలోంచి తియ్యకుండా ఉండగలగడమే కష్టం.

తరువాత మార్పు అప్పు బయట కనిపిస్తుంది. పది మంది ఆడవాళ్లు కలిసి నెలకు రెండు వందల చీటీ వేస్తారు. ఇంతకు ముందు ఈమెను చేర్చుకోలేదు. వానాకాలంలో కట్టలేదని వాళ్ల భయం, ఆ భయం తప్పు కాదు. ఇప్పుడు “నెలనెలా ఎలా కడతావే?” అని అడిగితే “ఖాతాలో పడుతోంది కదా వదినా” అని చెప్పగలదు. చీటీ పాట వస్తే రెండు వేలకు దగ్గరగా చేతికి వస్తుంది. కుట్టుమిషను కొనడానికి బయానా ఇవ్వవచ్చు, కొడుకు పరీక్ష ఫీజు కట్టవచ్చు. ఐదు వందలు ఐదు వందలుగా చిన్నవే. తేదీ తప్పకుండా వచ్చే ఐదు వందలకు వీధిలో నమ్మకం పుడుతుంది, నమ్మకం మీద ఇంకో రెండు వేలు పుడతాయి. ఈ విషయం మీద మనం ఎక్కువసేపు ఆగడానికి కారణం ఇదే. నగదు సహాయం మీద చర్చ అంతా మొత్తం ఎంత అన్నదాని మీదే జరుగుతుంది, తేదీ సంగతి ఎవరూ ఎత్తరు.

14.5 డబ్బిస్తే సోమరులవుతారా?

ఈ ప్రశ్న టీకొట్టు దగ్గర తప్పకుండా వస్తుంది. కాబట్టి జవాబు తెలుసుకుందాం. కలకత్తా ప్రెసిడెన్సీ కాలేజీలో చదివి, 2019లో నోబెల్ బహుమతి పంచుకున్న అభిజిత్ బెనర్జీ, ఆయన తోటి పరిశోధకులు ఆరు దేశాల్లోని ఏడు నగదు పథకాల ఫలితాలను 2017లో ఒకచోట చేర్చి పరిశీలించారు. డబ్బు అందినవారు పని మానుకున్నారనడానికి వారికి స్థిరమైన ఆధారమేదీ కనిపించలేదు. కెన్యాలోని రరియెడా ప్రాంతంలో పేద కుటుంబాలకు షరతు లేకుండా డబ్బు ఇచ్చి చూసిన పరిశోధనలో తిండి ఖర్చు పెరిగింది, పశువులు పెరిగాయి, గడ్డి కప్పుల స్థానంలో రేకులు వచ్చాయి. తాగుడు, పొగాకు ఖర్చు పెరగలేదు. మన దేశంలోనే 2011లో మధ్యప్రదేశ్‌లోని ఎనిమిది గ్రామాల్లో సేవా సంస్థ, యునిసెఫ్ సహాయంతో, పెద్దలకు నెలకు 200, పిల్లలకు 100 చొప్పున మొదలుపెట్టి చూశారు. పరాయి చేలల్లో కూలికి పోయే కొందరు సొంత పొలం పని ఎక్కువ చేసుకున్నారు. దీన్ని సోమరితనం అనగలమా?

తాగేవాడు ఎక్కడా ఉండడని కాదు. ఒక్కడిని చూపి వందమందికి తీర్పు చెప్పకూడదు.

14.6 డబ్బు దారిలో అడ్డంకులు

అడ్డంకి చాలాసార్లు కాగితంలో ఉంటుంది. ఉత్తరాంధ్ర పేర్లు తీసుకోండి: అప్పలనరసమ్మ, పైడితల్లి, సింహాచలం. మన పద్ధతిలో ఇంటిపేరు ముందు, బెంగాల్ పద్ధతిలో చివర. ఆధార్ కార్డులో ఒక వరస, పాస్‌బుక్కులో ఒక వరస, ఇంకో కాగితంలో ఇంటిపేరే లేదు. ‘అప్పలనరసమ్మ’ను ఇంగ్లీషు అక్షరాల్లో రాసేటప్పుడు ఒక గుమాస్తా రెండు పి అక్షరాలు వేస్తే ఇంకొకడు ఒకటే వేస్తాడు. పేర్లు కలవక డబ్బు వెనక్కి పోతే ఆమెకు కారణం చెప్పేవారుండరు. చదువు రావడం వల్ల వచ్చే లాభాల్లో ఇది ఒకటి: మీ పేరు మూడు కాగితాల్లో ఒకేలా ఉందో లేదో మీరే చూసుకోగలరు.

రెండో అడ్డంకి ఇంతకన్నా బరువైనది. షెడ్యూల్డు కులాల, తెగల జాబితాలు రాజ్యాంగం 341, 342 అధికరణల ప్రకారం రాష్ట్రానికొకటిగా ఉంటాయి. ఒక రాష్ట్రం జాబితాలోని కులం పక్క రాష్ట్రం జాబితాలో లేకపోవచ్చు. ఆంధ్రలో షెడ్యూల్డు తెగ హోదా ఉన్న కుటుంబంలోని విద్యార్థి మహారాష్ట్రలో అదే హోదా కోరితే, వలస వచ్చినచోట అది వర్తించదని 1990లో సుప్రీంకోర్టు మర్రి చంద్రశేఖరరావు కేసులో తీర్పు చెప్పింది. ఈ సూత్రం ప్రకారం, కులం పేరు బెంగాల్ జాబితాలో లేకపోతే ఆ తెలుగు మహిళకు 2021లో 1,000 కాదు, 500 లెక్కే వర్తిస్తుంది. కులం వల్ల పడిన బాధ రైలెక్కి ఆమెతో పాటు వచ్చింది, దానికి పరిహారంగా ఇచ్చే హక్కు మాత్రం ఇచ్ఛాపురం దగ్గరే దిగిపోయింది. న్యాయమూర్తుల వాదనలో తర్కం ఉంది. ప్రతి రాష్ట్రంలో పరిస్థితి వేరు అంటారు. అయినా మూడు తరాలుగా ఇక్కడే చీపురు పట్టిన ఇంటికి ఆ తర్కం చల్లగా అనిపించదు.

ఊరు వదిలి వచ్చినవారు స్వరాష్ట్రపు సహాయమూ కోల్పోతారు. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలైలో వృద్ధుల పింఛను నెలకు 4,000 రూపాయలకు పెంచి ఇంటి గుమ్మం దగ్గర ఇచ్చారు. శ్రీకాకుళంలో ఉన్న అక్కకు అది, ఖరగ్‌పూర్‌లో 60 దాటిన చెల్లెలికి బెంగాల్ వృద్ధాప్య పింఛను. ఇద్దరూ ఒక తల్లి బిడ్డలే. రెండు రాష్ట్రాల మొత్తాల మధ్య తేడా వారికి పండక్కి కలిసినప్పుడు తెలుస్తుంది.

ఇక ధరల సంగతి. 2021 సెప్టెంబరులో 500కు వచ్చినంత నూనె, పప్పు 2024 మార్చిలో 500కు రాలేదు. మొత్తం మారకపోతే సహాయం తనంతట తానే తగ్గుతూ ఉంటుంది.

14.7 చేసి చూడండి

మీ ఇంట్లో లేదా తెలిసినవారి ఇంట్లో నగదు సహాయం అందే వ్యక్తితో మాట్లాడండి. డబ్బు ఏ తేదీల్లో పడిందో పాస్‌బుక్కు చూసి ఆరు నెలలు వరసగా రాయండి. ఏ నెలైనా తప్పిందా? తప్పిన నెలలో ఇంట్లో ఏమి మానుకున్నారు, ఎవరి దగ్గర, ఏ వడ్డీకి తెచ్చారు? ఆ వడ్డీని ఏడాదికి లెక్క కట్టండి.

ఆధార్, పాస్‌బుక్కు, రేషన్ కార్డుల్లోని పేరును మూడు వరసల్లో ఒకదాని కింద ఒకటి, ఒక్క అక్షరం కూడా మార్చకుండా రాయండి. తేడా ఉంటే గుండ్రంగా గీత గీయండి.

చివరి ప్రశ్నకు జవాబు రాయనక్కర్లేదు, అడిగి తెలుసుకుంటే చాలు. ఆ ఖాతా ఏటీఎం కార్డు ఇంట్లో ఎవరి దగ్గర ఉంటుంది?