గీతా రాతా ఒకే చేతిలో



వరుసగా పేర్చిన బొమ్మలూ వాటి కింది మాటలూ కలిసి నడిపే కథను బొమ్మల కథ అంటారు. ఆ ప్రక్రియ పుస్తకరూపం దాల్చడానికి కారకులైన తొలితరం వారిలో ముఖ్యుడు జెనీవా వాసి రోడాల్ఫ్ టోఫర్ (1799–1846). తండ్రి పేరున్న చిత్రకారుడు కావడంతో ఆయనా ఆ దారినే నడవగోరాడు గాని, కంటిజబ్బు అడ్డుపడి బడిపంతులయ్యాడు. తరువాత సొంతంగా వసతి పాఠశాల నడిపి, 1832లో జెనీవా అకాడమీలో సాహిత్యాచార్యుడయ్యాడు. రంగుల చిత్రాలకు చాలని చూపు నల్ల సిరా గీతలకు చాలింది.

ఆ గీతలు పుస్తకాలైన తీరు శ్రద్ధగా తెలుసుకోదగినది. నూనెకూ నీటికీ పొసగదన్న సూత్రం మీద, సున్నపురాతిపై జిడ్డు సిరాతో గీసినదాన్ని కాగితం మీదికి దించడం శిలాముద్రణ. రాతిపై నేరుగా గీస్తే అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి కనుక, బొమ్మ సంగతి ఎలా ఉన్నా, అక్షరాలను అద్దంలో కనిపించినట్టు తిరగేసి రాయక తప్పదు. టోఫర్ ఎంచుకున్న ఆటోగ్రఫీలో, పూత పూసిన కాగితంపై మామూలుగానే గీసి, రాసి, దాన్ని రాతిపై ఒత్తితే అక్కడ తిరగబడ్డ రూపం అచ్చులో మళ్ళీ సరిగా వస్తుంది. అందువల్ల చెక్కుడుపనివాడి ఉలి మధ్యలో జొరబడకుండా, కలం వణుకుతో సహా అంతా పాఠకుడికి చేరింది. బొమ్మ కింది వాక్యం ఆయన చేతిరాతే, చుట్టూ ఉన్న వంకర చట్రమూ ఆ చేతిదే. మాట లేనిదే బొమ్మ మసక అనీ, బొమ్మ లేనిదే మాటకు అర్థమే లేదనీ ఆయన భావించాడు. 1827లో గీసిన మస్యూ వ్యూ బ్వా కథలో, ప్రేయసి కోసం అగచాట్లు పడే కథానాయకుడు ప్రతి ప్రమాదం తరువాతా చొక్కా మార్చుకుంటాడు; ఆ పొడి వాక్యం పదేపదే రావడమే నవ్వు పుట్టిస్తుంది.

వృద్ధకవి గోథే టోఫర్ కథల రాతప్రతులను చూసి మెచ్చుకున్నాడు, విషయం మరికాస్త గంభీరమైతే బాగుండునన్నాడు కూడా. ఆ సలహా పాటించకపోవడమే సాహిత్యానికి మేలు చేసింది. టోఫర్ మరో కథ మస్యూ జాబో 1833లో అచ్చయినా, 1835లో గాని అంగడికెక్కలేదు. 1839లో పారిస్ ప్రచురణకర్త ఒబేర్ ఈ కథలను తిరిగి గీయించి అమ్ముకున్నాడు. వ్యూ బ్వా 1842లో న్యూయార్క్‌లో ఒబడాయా ఓల్డ్‌బక్ పేరుతో వెలువడింది. అమెరికాలో మొదటి కామిక్ పుస్తకంగా పలువురు లెక్కించేది దాన్నే. కీర్తి అలా దూరం ప్రయాణించింది గాని, ఆ కాపీలలో మిగలనిది అసలు చేతివాటమే.

1845 నాటి ముఖలక్షణ వ్యాసంలో ఆయన చూపినది ఇది: ఎంత మొరటుగా గీసినా ముఖానికి ఏదో ఒక భావం ఉండి తీరుతుంది, కనుబొమో పెదవో రవ్వంత కదిలితే మనిషే మారిపోతాడు. బొమ్మలు కుదరడం లేదని దిగులుపడే విద్యార్థి, ఒకే ముఖాన్ని కనుబొమ మాత్రమే మార్చి పదిమార్లు గీసి, ఒక్కొక్కదాని కింద సొంత దస్తూరితో ఒక్కో వాక్యం రాసి, వచ్చే జాబుతో నాకు పంపవలసింది.