పై 'స' మళ్ళీ అందాలంటే

మా కాలేజీ బ్యాండులో ట్రంపెట్లు మూడు భాగాలుగా వాయిస్తాం. పాట వరస ఫస్ట్ ట్రంపెట్‌ది. సెకండ్, థర్డ్ కింద స్వరాల్లో ఉండి దానికి ఆసరా ఇస్తాయి. రెండేళ్ళుగా నాది థర్డ్. ఫస్ట్ వాయించే సీనియర్ అన్న ఈ సెమిస్టర్‌తో వెళ్ళిపోతున్నాడు కాబట్టి ఆ భాగం నాకొచ్చింది. యాన్యువల్ డేకి ఆరు వారాలు టైముంది. ఫస్టియర్లో అందిన పై స్వరాలేమో ఇప్పుడు ఊదితే ఉత్త గాలిగా పోతున్నాయి.

చాలాకాలం కింది భాగాలు వాయించిన వాళ్ళకి ఇది మామూలే. ఎందుకిలా అవుతుందో, తిరిగి ఎలా తెచ్చుకోవాలో నేను నేర్చుకున్నంతవరకు రాస్తున్నాను. ట్రాంబోన్, యూఫోనియం పట్టేవాళ్ళకి కూడా సూత్రం ఇదే.

ముందు కాస్త ఫిజిక్స్

ట్రంపెట్ గొట్టాన్ని సాపు చేస్తే దాదాపు మీటరున్నర ఉంటుంది. వాల్వు ఒక్కటీ నొక్కకపోయినా అందులో హార్మోనిక్స్ వరసగా పలుకుతాయి. బి ఫ్లాట్ ట్రంపెట్‌లో రెండో హార్మోనిక్ సుమారు 233 హెర్ట్జ్. దాన్ని మంద్ర 'స' అనుకుందాం. మూడోది 'ప', 349. నాలుగోది మధ్య 'స', 466. తర్వాత 'గ', 'ప', కొంచెం తగ్గి పలికే 'ని' దాటి ఎనిమిదోది తార 'స', 932.

హెర్ట్జ్‌లో చూస్తే మెట్టుకీ మెట్టుకీ దూరం సమానమే, సుమారు 116. కానీ చెవికి వినిపించేది నిష్పత్తి. కింద 'స' తర్వాతి మెట్టు ఏకంగా 'ప'. పైకి పోయేకొద్దీ మెట్లు ఇరుకు. కింద పెదవి పట్టు కాస్త అటూ ఇటూ అయినా స్వరం నిలబడుతుంది. పైన అంతే తేడా వస్తే పక్క మెట్టు మీద పడతాం.

ఇక పెదవి సంగతి. కింది స్వరానికి పెదవి వదులుగా, ఎక్కువ భాగం కదలాలి. పై స్వరానికి తక్కువ భాగం, బిగువుగా, సన్నటి సందులోంచి వేగంగా గాలి పోవాలి. రెండేళ్ళు థర్డ్ వాయిస్తే పెదవికి మొదటి పద్ధతి అలవాటైపోతుంది. బలం కొంత తగ్గుతుంది నిజమే, అంతకంటే ఎక్కువగా తగ్గేది ఆ సన్నటి పట్టు.

స్వరం అందనప్పుడు చాలామంది చేసే పని మౌత్‌పీస్‌ని పెదవికేసి గట్టిగా నొక్కడం. ఆ క్షణానికి స్వరం వస్తుంది. కానీ నొక్కినచోట రక్తప్రసరణ తగ్గుతుంది, పెదవి కదలడం మానేస్తుంది, వాస్తుంది. పది నిమిషాల తర్వాత మధ్య 'స' కూడా సరిగ్గా పలకదు.

ఆరు వారాల సాధన

1, 2 వారాలు: పై స్వరాల జోలికి పోవద్దు. మధ్య 'స' చుట్టుపక్కలే లాంగ్ టోన్స్, వీలైనంత మెల్లగా. పెదవి మూలలు గట్టిగా, నడిమి భాగం స్వేచ్ఛగా ఉండాలి. మెల్లగా ఊదినప్పుడు స్వరం పలికిందంటే సందు సన్నగా ఉన్నట్టే. సందు వెడల్పుగా ఉంటే గాలి చప్పుడు బయటపెట్టేస్తుంది. రోజుకి 15 నిమిషాల చొప్పున మూడుసార్లు చాలు. ఎంతసేపు ఊదితే అంతసేపు విశ్రాంతి.

3, 4 వారాలు: లిప్ స్లర్స్. నాలుకతో కొట్టకుండా, వాల్వు మార్చకుండా స-ప-స, తర్వాత స-గ-ప-గ-స. కింద నోట్లో 'ఆ' అన్నట్టు, పైకి వెళ్ళేటప్పుడు 'ఈ' అన్నట్టు నాలుక లేవాలి. ఒక స్వరం వరసగా ఐదుసార్లు హాయిగా పలికితేనే మర్నాడు అరస్వరం పైకి. పలకకపోతే అక్కడే ఆగాలి.

5, 6 వారాలు: అసలు పాట. ముందు ఒక స్థాయి కిందకి దించి వాయించాలి. వేళ్ళు, ఊపిరి ఎక్కడ తీసుకోవాలో అక్కడే కుదిరిపోతాయి. తర్వాత అసలు స్థాయిలో ఎనిమిది బార్లు, విశ్రాంతి, మళ్ళీ ఎనిమిది. గట్టి రిహార్సల్ అయిన మర్నాడు మెల్లటి కింది స్వరాలు మాత్రమే. నొప్పి పుడితే ఆరోజుకి పెట్టె మూసేయండి.

ఇంకో మాట. కింది స్వరాలు మనకి శత్రువులు కావు. కర్ణాటక సంగీతంలో తెల్లవారుజామున మంద్ర స్థాయి సాధన చేయించేది ఊరికే కాదు. పైన వాయించాక చివర ఐదు నిమిషాలు కింద మెల్లగా ఊదితే పెదవి సడలుతుంది, మర్నాటికి సిద్ధంగా ఉంటుంది.

ఇప్పుడు నాది ఐదో వారం. పై 'ప' రోజూ పలుకుతోంది. పొద్దున రూములో తార 'స' మెల్లగా వస్తోంది. గంటసేపు రిహార్సల్ అయ్యాక మాత్రం రావట్లేదు. అందుకని సెకండ్ వాయించే తమ్ముడితో మాట్లాడుకున్నాను. చివరి పాటకి ముందు పదహారు బార్లు ఫస్ట్ భాగం తను వాయిస్తాడు, నేను పెదవికి రెస్ట్ ఇస్తాను. పెద్ద ఆర్కెస్ట్రాల్లో కూడా ఫస్ట్ వాయించేవాళ్ళ పక్కన సాయానికి ఒకరుంటారు.

మీరు కూడా కింది భాగం వాయిస్తుంటే, ఫస్ట్ కుర్చీ ఖాళీ అయ్యేదాకా ఆగకండి. రేపటినుంచే రోజూ పది నిమిషాలు లిప్ స్లర్స్ వేయండి. పోయినదాన్ని ఆరు వారాల్లో వెతుక్కోవడం కంటే అది చాలా తేలిక.