ఖరీదైన వాచీ కొనే ముందు

దుబాయి నుండి సెలవుపై వచ్చిన ఒక యువకుడు, “మౌలానా! లక్షల ఖరీదుచేసే స్విస్ వాచీ కొనవచ్చా?” అని అడిగాడు. వాచీ ధరించడం ధర్మసమ్మతమే. అయితే కొనేముందు మూడు విషయాలు విచారించాలి.

మొదటిది అవసరం. ఇటువంటి వాచీల్లో చాలావాటికి సెల్లు ఉండదు. చుట్టుకున్న స్ప్రింగు బలంతో చక్రాలు తిరుగుతాయి. స్విట్జర్లాండులో 15 రోజుల క్రోనోమీటరు పరీక్ష నెగ్గిన యంత్రం కూడా రోజుకు సగటున 4 సెకన్లు వెనుకబడవచ్చు, లేదా 6 సెకన్లు ముందుకు పోవచ్చు. మామూలు సెల్లు వాచీలో నెలకు 15-20 సెకన్లే తేడా వస్తుంది. కనుక నమాజు వేళ తెలుసుకోవడానికి చౌక వాచీయే మేలు. పనితనంపై ఇష్టంతో, అప్పులూ ఇంటివారి హక్కులూ జకాతూ చెల్లించాక కొనడం వేరు. నలుగురిలో గొప్ప కోసం కొనడం వేరు. రెండోది దుబారా, అహంకారం.

రెండవది లోహం. పురుషులకు బంగారం నిషిద్ధం. కేసుపై 750 ముద్ర ఉంటే అది 18 క్యారెట్ల బంగారం. ఉక్కు గొలుసు మధ్యలో బంగారు ముక్కలు అమర్చిన రకాలూ ఉన్నాయి. జాగ్రత్తగా చూసుకోవాలి.

మూడవది, వాడిన వాచీ అయితే దాని లోపాలు. డయలుకు మళ్ళీ రంగు వేశారా, ముళ్ళు మార్చారా అని అడగండి. ధాన్యపు కుప్పలో తడిని దాచిన వ్యాపారిని దైవప్రవక్త (స) మందలించారు. రేపు మీరు అమ్మినా ఇదే నియమం.

ఆ యువకుడికి చెల్లెలి పెళ్ళి అప్పు ఇంకా మిగిలే ఉంది. ముందు అది తీర్చమన్నాను. అల్లాహ్ మనందరికీ సద్బుద్ధిని ప్రసాదించుగాక! ఆమీన్.