మునివాహనము

హైదరాబాదు నగరమునకు చేరువలో, గండిపేట చెరువు ప్రాంతమున చిల్కూరు అను గ్రామము కలదు. అచ్చటి బాలాజీ ఆలయమున హుండీ లేదు. ధనికులకు ప్రత్యేక దర్శనమును లేదు. కోరిక గల భక్తుడు 11 ప్రదక్షిణములు చేసి మ్రొక్కుకొనును. అది నెరవేరిన పిమ్మట మరల వచ్చి 108 ప్రదక్షిణములు చేయును. కారులో వచ్చినవాడైనను, బస్సులో వచ్చినవాడైనను, అచ్చట తన కాళ్ళతోనే నడువవలెను.

ఈ ఆలయపు అర్చకులైన సి. ఎస్. రంగరాజన్ గారు 2018వ సంవత్సరము ఏప్రిల్ నెలలో చేసిన ఒక కార్యమును గూర్చి దేశమంతటను చెప్పుకొనిరి. దాని అర్థము తెలియవలెనన్నచో ముందుగా ఒక ప్రాచీన కథను వినవలెను.

వైష్ణవులు పూజించు పన్నిద్దరు ఆళ్వారులలో తిరుప్పాణాళ్వారు ఒకరు. ఆయన వీణ మీటుచు పాడు పాణకులమున పెరిగెను. ఆ కులమువారిని నాటి సమాజము అంటరానివారిగా చూచెడిది. అందుచే ఆయన శ్రీరంగాలయమున అడుగిడక, కావేరీతీరముననే నిలిచి రంగనాథుని గానము చేయుచుండెను.

ఒకనాడు లోకసారంగముని స్వామి అభిషేకమునకు నీరు తెచ్చుటకై నదికి వచ్చి, ఆయనను తొలగుమనెను. గానమున మైమరచిన ఆళ్వారునకు ఆ మాట వినబడలేదు. ముని కోపించి రాయి విసరెను. అది నుదుట తగిలి రక్తము స్రవించెను. ముని ఆలయమునకు మరలి చూడగా, స్వామి నుదుటనుండియు రక్తము కారుచుండెనట! ఆ భక్తుని భుజములపై మోసికొని రమ్మని స్వామి ఆజ్ఞాపించెను. ఆళ్వారు వలదని వారించినను ముని వినక, ఆయనను మోసికొని గర్భగృహమునకు చేర్చెను. నాటినుండి ఆళ్వారునకు మునివాహనుడను పేరు కలిగెను. అచ్చట ఆయన స్వామిని పాదములు మొదలు కన్నులవరకు వర్ణించుచు పది పాశురములు పాడెనని సంప్రదాయము చెప్పుచున్నది.

రంగరాజన్ గారు ఈ కథను చెప్పి ఊరకుండలేదు. హైదరాబాదులోని జియాగూడ రంగనాథస్వామి ఆలయమున, మంగళవాద్యములు మ్రోగుచుండగా, ఒక దళిత యువకుని తమ భుజములపై ఎక్కించుకొని లోనికి కొనిపోయిరి. 1950లో అమలులోనికి వచ్చిన రాజ్యాంగము అంటరానితనమును రద్దుచేసినది. చట్టము ఆలయద్వారమును తెరువగలదు. కాని హృదయద్వారమును ఎవరికి వారే తెరువవలెను.

దూరదేశమైన ఇటలీలోను ఇట్టి పాఠము నేర్చినవాడొకడు కలడు. అస్సీసి పట్టణమున ధనికుడైన బట్టల వర్తకుని ఇంట పుట్టిన ఫ్రాన్సిసు, యౌవనమున కుష్ఠరోగులను చూచినంతనే అసహ్యించుకొని తొలగిపోయెడివాడు. ఒకనాడు గుఱ్ఱముపై పోవుచుండగా అట్టి రోగి ఎదురయ్యెను. ఫ్రాన్సిసు తన మనస్సును తానే జయించి, గుఱ్ఱము దిగి, ధనమిచ్చి, రోగి చేతిని ముద్దిడెను. పిమ్మట అట్టివారికి సేవచేసెను. 1226లో మరణమునకు ముందు చెప్పి వ్రాయించిన మరణశాసనములో, తనకు పూర్వము చేదైనది ఆ సేవచేతనే మధురమైనదని తెలిపెను. 1228లో కథోలిక క్రైస్తవసంఘము ఆయనను పునీతునిగా ప్రకటించెను.

ఈ రెండు కథలలోను గురువు ఎవరు? లోకసారంగుడు నిత్యము దైవసేవ చేయువాడే. అయినను ఆయన చేతిలో జలకలశముతోపాటు రాయియు ఉండెను. తాను తరుమబోయిన వానివలననే ఆయన భక్తి యొక్క అర్థమును నేర్చెను. ఫ్రాన్సిసునకు గురువైనవాడు బాటప్రక్కనున్న రోగి. భక్తుడు ఎంత ఎత్తునకు ఎక్కెనని గాక, ఎవరికొరకు క్రిందికి దిగెనని మహాత్ముల చరిత్రలు అడుగుచున్నవి.

తరగతిలో ఎవరి ప్రక్కన కూర్చుండుటకు తోటివారు వెనుదీయుదురో, వాని ప్రక్కకు తానై వెళ్ళి కూర్చుండు బాలుడు ఈ పాఠమును చక్కగా చదివినవాడు.