నాలుగో ఏడు చదవాలా, వద్దా?

ప్రశ్న: మా అమ్మాయి ఇంటర్‌లో హెచ్‌ఈసీ, తెలుగు మీడియం. ఢిల్లీ యూనివర్సిటీలో పొలిటికల్ సైన్స్ ఆనర్స్ చదువుతానంటోంది. సీటు వస్తుందా? అక్కడ నెగ్గుకు రాగలదా? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: 2021 దాకా అక్కడ సీటంటే ఇంటర్ మార్కులే. ఆ ఏడాది హిందూ కాలేజీ ఈ కోర్సుకు పెట్టిన మొదటి కటాఫ్ నూటికి నూరు! 2022లో సీయూఈటీ అనే ఉమ్మడి ప్రవేశ పరీక్ష వచ్చింది. ఆ పరీక్షను తెలుగులోనూ రాయొచ్చు. కాబట్టి మీడియం చూసి వెనకడుగు వేయనక్కర్లేదు.

చిక్కంతా సిలబస్‌తోనే. సీయూఈటీ ప్రశ్నలు ఎన్‌సీఈఆర్‌టీ పన్నెండో తరగతి పుస్తకాలను పట్టుకుని వస్తాయి, మన పిల్లలు చదివేదేమో తెలుగు అకాడమీ సివిక్స్. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాలు రెండూ ముందేసుకోవాలి. స్వాతంత్ర్యం తర్వాతి భారత రాజకీయాల పుస్తకం తెరిస్తే మొదటి అధ్యాయంలోనే పొట్టి శ్రీరాములు దీక్ష కనిపిస్తుంది. తెలుగు పిల్లలకు అంతకన్నా దగ్గరి దారి ఏముంటుంది?

సీటు వచ్చాక మాత్రం పాఠం, పుస్తకం చాలావరకు ఇంగ్లిష్‌లోనే. మొదటి సెమిస్టర్ కష్టంగానే గడుస్తుంది. రోజుకు నాలుగు పేజీల ఇంగ్లిష్ చదివి, అందులో రచయిత ఏమన్నాడో తెలుగులో నాలుగు వాక్యాలు రాసుకునే అలవాటు ఇప్పుడే మొదలుపెడితే ఆ భారం సగం తగ్గుతుంది.

ప్రశ్న: ఆనర్స్ మూడేళ్లా, నాలుగేళ్లా? సివిల్స్ రాయాలంటే నాలుగో ఏడు కావాలా? – ఒక విద్యార్థిని, ఒంగోలు

జవాబు: సివిల్స్‌కు ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. దానికోసం నాలుగో ఏడు అక్కర్లేదు.

యూజీసీ 2022 చివర్లో తెచ్చిన విధానం ప్రకారం 120 క్రెడిట్లతో మూడేళ్ల డిగ్రీ, 160తో నాలుగేళ్ల ఆనర్స్. మొదటి ఆరు సెమిస్టర్లలో 75 శాతం తెచ్చుకున్నవారు నాలుగో ఏడాది పరిశోధనకు వెళ్లొచ్చు, సిద్ధాంత వ్యాసానికి 12 క్రెడిట్లు. నాలుగేళ్ల డిగ్రీలో 75 శాతం ఉంటే పీజీ లేకుండానే పీహెచ్‌డీ ప్రవేశానికి అర్హత.

లెక్కలు అలా ఉంచితే, అసలు విలువ ఆ వ్యాసంలో ఉంది. గ్రామ పంచాయతీనే తీసుకోండి. 1948 నవంబరు 4న రాజ్యాంగ ముసాయిదాను రాజ్యాంగ సభ ముందు పెడుతూ అంబేడ్కర్ పల్లెను గట్టిగా విమర్శించారు. అయిదు రోజులకు ఎన్.జి. రంగా అదే సభలో ఆ మాటకు అడ్డం తిరిగి, దక్షిణాది పంచాయతీల సంగతి తెలిస్తే అలా అనేవారు కాదన్నారు. అదే నెల 22న గ్రామ పంచాయతీల గురించిన ఇప్పటి 40వ అధికరణం చర్చకు వచ్చినప్పుడు టంగుటూరి ప్రకాశం దాన్ని స్వాగతించారు. గైడు పుస్తకంలో ఇదంతా ఒక్క వాక్యమైపోతుంది. చర్చల సంపుటాలు చదివిన విద్యార్థికి ముగ్గురి గొంతులూ వినిపిస్తాయి, ఎవరి పక్షమో తనే తేల్చుకోవలసి వస్తుంది.

అక్కడి నుంచి సొంత ఊరికి రావచ్చు. తెలుగు రాష్ట్రాల్లో సర్పంచ్ పదవుల్లో సగం మహిళలవి. పంచాయతీ ఆఫీసులో తీర్మానాల పుస్తకం తిరగేస్తే కింద ఆమె సంతకం ఉంటుంది. సభలో మాట్లాడింది ఆమేనా, పక్క కుర్చీలో కూర్చున్న భర్తా అన్నది ఆ సంతకం చెప్పదు. నాలుగు గ్రామసభల్లో వెనక బెంచీ మీద కూర్చుని, ఎవరెంతసేపు మాట్లాడారో రాసుకున్న పిల్లకే తెలుస్తుంది. అలాంటి ప్రశ్న ఏదో మనసులో మెదులుతుంటే నాలుగో ఏడు తప్పకుండా చదవాలి. ఏదీ లేకపోతే మూడేళ్లకే డిగ్రీ పుచ్చుకుని బయటికి రావడంలో నామోషీ ఏమీ లేదు.

ఢిల్లీ యూనివర్సిటీ పద్ధతి కాస్త వేరు. అక్కడ మూడేళ్లకే, 132 క్రెడిట్లతో, ఆనర్స్ పట్టా ఇస్తారు. నాలుగో ఏడాదీ పూర్తిచేస్తే మొత్తం 176. నిర్ణయం ఇప్పుడే తీసుకోనక్కర్లేదు, ఆరో సెమిస్టర్ దాకా సమయం ఉంది. కాలేజీ ఎంచుకునేటప్పుడు మాత్రం ఒక్కటి అడిగి తెలుసుకోవాలి: వ్యాసం రాయించే అధ్యాపకులు ఆ విభాగంలో ఎందరున్నారు, ఒక్కొక్కరి కింద ఎంతమంది విద్యార్థులుంటారు?