ముఖభాషకు తొలిబడి

ముఖం మనసుకు అద్దమని పెద్దలంటారు. కాని ఆ అద్దంలోని భావాన్ని చదవటం పుట్టుకతోనే పూర్తిగా అబ్బే విద్య కాదు. తల్లి చిరునవ్వు, తండ్రి కనుబొమల ముడి, నానమ్మ కంటతడి వేలసార్లు చూచి, వాటి వెంట ఏమి జరుగుతుందో గమనించి, శిశువు భావాల ఓనమాలు దిద్దుకుంటుంది. ఈ విద్యకు ఇల్లే తొలిబడి.

ఆ బడిలోనే దెబ్బలు, నిరాదరణ ఎదురైతే ఏమగును? అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయానికి చెందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు సేత్ పొలాక్, ఆయన సహచరులు ఈ ప్రశ్నను పరిశోధించారు. 2000లో వారు ప్రకటించిన అధ్యయనంలో, ఆలనాపాలనా కరవైన పిల్లలు ఒక భావాన్ని మరొక భావం నుండి వేరుపరచటంలో తడబడ్డారు. దెబ్బలు తిన్న పిల్లలు కోపం వైపు మొగ్గు చూపారు. 2002 నాటి ప్రయోగంలో కోపాన్ని భయంతోనో, దుఃఖంతోనో వేర్వేరు పాళ్లలో కలిపిన ముఖచిత్రాలను చూపారు. కోపం పాలు తక్కువగా ఉన్న ముఖాలను సైతం దెబ్బలు తిన్న పిల్లలు కోపముఖాలుగానే ఎంచారు. సంతోషం, దుఃఖం కలిసిన చిత్రాల విషయంలో మాత్రం వారు తక్కిన పిల్లల వలెనే జవాబిచ్చారు.

ఇందలి ఆంతర్యం గమనించదగినది. ఈ పిల్లల చూపు మందగించలేదు. ఒక దిక్కున మితిమీరి పదునెక్కింది. కోపాన్ని ముందుగా పసిగడితే దెబ్బ తప్పించుకోవచ్చునని ఇల్లు నేర్పింది. ఇంట కవచమైన ఆ విద్యయే బడిలో సంకెల అవుతుంది. లెక్క తప్పినందుకు విచారించే ఉపాధ్యాయుని ముఖంలోనూ ఆ బాలుడు ఆగ్రహాన్నే చూడవచ్చు. తల వంచుకుంటాడు, లేదా ఎదురు తిరుగుతాడు. మనం దానిని మొండితనమని దండిస్తాము. అతని భయం నిజమేనని మనమే రుజువు చేస్తాము.

కష్టాల్లో పెరిగిన ప్రతి బిడ్డా ఇట్లే ఉంటాడని దీని అర్థం కాదు. ఇవి సమూహాలను పోల్చి చూచిన ఫలితాలు మాత్రమే. అయినా ఉపాధ్యాయునికి ఈ ఎరుక అవసరం. 2009 నాటి విద్యాహక్కు చట్టం బడిలో శారీరక దండనను నిషేధించింది. చట్టం బెత్తాన్ని ఆపగలదు. బిడ్డ మనసులోని బెత్తాన్ని దించవలసింది మనమే.

విద్యార్థులారా! మీలో అనేకులు రేపు ఉపాధ్యాయులు, తలిదండ్రులు కాగలరు. అటువంటి బిడ్డ ఎదురైననాడు ముఖాన్ని అతని ఊహకు వదలక, “నాకు కోపం లేదు నాయనా, నిన్ను గురించి దిగులుగా ఉంది” అని నోటితో చెప్పండి. మాటకు తగినట్లు నడచుకోండి. అనుభవం నేర్పిన పాఠాన్ని దిద్దవలసినది కూడా అనుభవమే కదా!