కుదురు లేని పిల్లలు – వైద్యం

"వాడికి కుదురు లేదు, చదువు అబ్బదు" అని ఖమ్మం పల్లెల్లో తేల్చేస్తుంటారు. ఆ ఒక్కమాటతో ఒక పిల్లవాడి బడి ఆగిపోవచ్చు. అందుకే మిత్రులారా, ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

ఏ.డి.హెచ్.డి. అనే అవధాన లోపం మెదడు ఎదుగుదలకు సంబంధించినది. పొగరూ కాదు, పెంపకం లోపమూ కాదు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, ఇంటా బడిలోనూ కనీసం 6 నెలలపాటు కనిపించాలి.

అయితే మా భద్రాచలం, దుమ్ముగూడెం, చర్ల అడవి పల్లెల్లో ఒక చిక్కుంది. కోయ పిల్లలకు ఇంట్లో కోయభాష, బడిలో తెలుగు. పాఠం అర్థంకాక దిక్కులు చూస్తే అది జబ్బనగలమా? వినికిడి, చూపు, రక్తహీనత, నిద్ర ముందు చూడాలి.

ఇక వైద్యం. 6 ఏళ్లలోపు పిల్లలకు మందుకంటే ముందు తల్లిదండ్రులకు శిక్షణ. ఆపై వయసువారికి అవసరాన్నిబట్టి మందు. ఉత్తేజక మందుతో కొందరు పిల్లలు కుదురుగా చదవడాన్ని 1937లో అమెరికా వైద్యుడు ఛార్లెస్ బ్రాడ్లీ వెల్లడించాడు. నేటి మిథైల్‌ఫెనిడేట్ ఆ కోవలోదే. ఆకలి, నిద్ర తగ్గవచ్చు. బరువు, ఎత్తు, రక్తపోటు చూస్తుండాలి. అటమాక్సెటిన్ ఉత్తేజకం కాదు. దాని గుణం తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది. ఏదైనా డాక్టరు చెబితేనే!

మందు లక్షణాలను తగ్గిస్తుంది. అలవాట్లు మనమే నేర్పాలి. ముందు బెంచీలో కూర్చోబెట్టడం, పనిని చిన్నచిన్న భాగాలుగా చెప్పడం, చేసిన వెంటనే మెచ్చుకోవడం – ఇవి కానీ ఖర్చులేనివి.

సలహాకు 2022లో ప్రారంభమైన టెలి మానస్ 14416 ఉంది. రేపు మనలో చాలామందిమి పంతుళ్లమవుతాం. బెత్తం అందుకునే ముందు, ఆ పిల్లవాడికి మన మాట అర్థమైందా అని ఒక్కసారి అడుగుదాం.